కస్టమర్3 ఎవరి బిడ్డ?

సాఫ్ట్‌వేర్ నిర్మాణాన్ని యూఎంఎల్ అనే బొమ్మల భాషలో గీసే మోడలింగ్ టూల్‌లో ఏ ప్రాజెక్టు మోడల్ అయినా తెరిచి, ఎడమవైపు జాబితా చెట్టును కొమ్మకొమ్మా విప్పి చూడండి. కస్టమర్ అనే క్లాస్ (ఒక రకం వస్తువులకు అచ్చు) ఉంటాడు. కిందే కస్టమర్1. ఇంకో ప్యాకేజీలో కస్టమర్2. ‘న్యూ’ అనే ప్యాకేజీలో కస్టమర్3, వాడి పక్కనే ఇంకా నామకరణం జరగని క్లాస్17. వ్యాపారం పెరిగిందని మురిసిపోకండి. ఉన్నది ఒక్కడే. డయాగ్రమ్ గీసినప్పుడల్లా మళ్లీ పుట్టాడంతే.

ఈ జన్మరహస్యం పెద్దదేమీ కాదు. మోడలింగ్ టూల్‌లో మోడల్ వేరు, బొమ్మ వేరు. క్లాస్ ఒక్కసారే పుట్టాలి, ఆపైన పది డయాగ్రమ్‌లలో కనబడొచ్చు. కొత్తది కావాలంటే టూల్‌బాక్స్ నుంచి లాగాలి. ఉన్నదాన్నే ఇంకోచోట చూపించాలంటే చెట్టు నుంచి లాగాలి. ఎవరు ఎవరికి ఏ వరసలో కబురు పంపుతారో చూపే సీక్వెన్స్ డయాగ్రమ్‌లో అయితే లైఫ్‌లైన్‌కు (ఒక్కో పాత్ర కింద దిగే నిలువు గీతకు) టైపుగా ఆ క్లాసునే కట్టాలి. అలా కడితే చాలా టూల్స్‌లో మెసేజ్ (కబురు బాణం) గీసేటప్పుడు ఆ క్లాసు ఆపరేషన్లు (అది చేయగల పనులు) జాబితాగా వస్తాయి, ఎంచుకోవడమే తరువాయి. మన విద్వాంసులకు అంత తీరికెక్కడిది! ఖాళీ డబ్బా లాక్కొచ్చి పేరు చేత్తో కొడతారు. మెసేజ్ మీద ‘సేవ్’ అనీ చేత్తోనే కొడతారు. రేపు క్లాసులో ఆ ఆపరేషన్ పేరు మారినా ఇక్కడ ‘సేవ్’ చెక్కుచెదరదు. శిలాశాసనం కదా.

ఇక సంహారకాండ. ఎవరో పుణ్యాత్ముడు కస్టమర్3ను చూసి, లోకకల్యాణం కోసం డిలీట్ కొడతాడు. డబ్బా మాయం, మనసు ప్రశాంతం. స్టార్‌యూఎంఎల్‌లాంటి టూల్స్‌లో ఉత్త డిలీట్ కీ బొమ్మను మాత్రమే తీస్తుంది, మోడల్‌లోంచి పోవాలంటే కంట్రోల్ కూడా కలిపి నొక్కాలి. అంటే కస్టమర్3 చావలేదు, అజ్ఞాతవాసానికి వెళ్లాడు. ఆ ప్యాకేజీకి కోడ్ జనరేట్ చేయగానే ఫైలు రూపంలో తేలతాడు. ఈ పరాభవంతో మనవాడు కంట్రోల్ డిలీట్ అనే బ్రహ్మాస్త్రం నేర్చుకొచ్చి, గురి తప్పి అసలు కస్టమర్ మీదే వేస్తాడు. ఆ కస్టమరేమో తన అసోసియేషన్లన్నిటినీ (ఇతర క్లాసులతో కలిపే గీతల్ని) వెంటబెట్టుకుని, కనబడిన ప్రతి డయాగ్రమ్‌లోంచీ ఒకేసారి లేచిపోతాడు. అన్‌డూ కొట్టొచ్చు. కానీ అప్పటికే సేవ్ చేసి, టూల్ మూసేసి ఉంటాడు. మర్నాడు పశ్చాత్తాపంతో టూల్‌బాక్స్ నుంచి కస్టమర్4ను లాగుతాడు.

యూఎంఎల్ 2.5లో డయాగ్రమ్‌లు 14 రకాలు, నిర్మాణానికి 7, ప్రవర్తనకు 7. కాబట్టి డాక్యుమెంటులో పద్నాలుగూ ఉండాలట! లాగిన్ పేజీకి, కాలంతోపాటు స్థితి ఎలా మారుతుందో చూపే టైమింగ్ డయాగ్రమ్ కూడా గీసి సమర్పిస్తారు. అది చదివేవాళ్లు లేరు కనుక దానివల్ల ఎవరికీ హాని లేదు. యూజ్ కేసుల్లో (వాడేవాళ్లు సిస్టమ్‌తో చేయించుకునే పనుల బొమ్మల్లో) ఇంక్లూడ్ బాణం అసలు కేసు నుంచి చేర్చుకున్నదాని వైపు పోవాలి, ఎక్స్‌టెండ్ బాణం అదనపు కేసు నుంచి అసలు కేసు వైపు రావాలి. రెండూ ఒకేవైపు తిప్పేస్తారు, పోనీ చూడ్డానికి వరసగా ఉంటాయి.

గీత చివర పెట్టే నల్ల డైమండ్ గుర్తును మాత్రం క్షమించలేం. అందంగా ఉందని ఆర్డర్ చివర అతికించి, గీతను కస్టమర్ దాకా లాగుతారు. అది ముత్యాల ముగ్గు కాదు మహాశయా, కంపోజిషన్! ఆ గుర్తుకు అర్థం ఉంది. భాగం ఒక సమయంలో ఒక్క మొత్తానికే చెందాలి, మొత్తం పోతే భాగమూ దాంతోపాటే పోవాలి. ఆర్డర్‌కూ ఆర్డర్ లైన్‌కూ (ఆర్డర్‌లోని ఒక్కో సరుకు వరసకూ) మధ్య అది సబబే. కస్టమర్‌కు పెడితే ఏం చెప్పినట్టు? ఒక మనిషి రెండో ఆర్డర్ పెట్టకూడదనీ, ఆర్డర్ చెరిపితే మనిషే చెరిగిపోవాలనీ. కొత్తగా చేరిన కుర్రాడు మీ బొమ్మను నమ్ముతాడు. నమ్మి డేటాబేస్‌లో క్యాస్కేడ్ డిలీట్ (ఒకటి చెరిపితే దానికి కట్టినవీ చెరిగిపోయే ఏర్పాటు) రాస్తాడు. పాత ఆర్డర్లు శుభ్రం చేసిన రాత్రి మనుషుల రికార్డులు ఊడ్చుకుపోతాయి. తెల్లారి నిలబెట్టి తిట్టేది ఆ కుర్రాణ్ణే. గీసిన పెద్దమనిషి ఆ తిట్లు వింటూ అదే గదిలో కూర్చుని ఉంటాడు, నోరు విప్పడు. సిగ్గుండాలి!

మరీ నిలదీస్తే ఒకటే జవాబు: “టూల్ అలా వేసిందండీ.”

కస్టమర్3ను కూడా టూలే కన్నదట.