హీలియం బరువు ‘మైనస్’ కాదు

మా ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్ గ్రూపులోకి వారంలో మూడుసార్లు వచ్చిందా వీడియో. అది చెప్పేదిది: ఖాళీ సంచి తూచండి, గ్యాస్ నింపి మళ్ళీ తూచండి, తేడాయే గ్యాస్ బరువు. ఏ గ్యాసైనా 22.4 లీటర్లు ఒక మోల్ (డజనులాగా అణువుల్ని లెక్కించే కొలత) కాబట్టి ఆ లెక్కన మోలార్ ద్రవ్యరాశి, అంటే ఒక మోల్ ఎన్ని గ్రాములో, వచ్చేస్తుంది. హీలియంకి మైనస్ వస్తుంది గనక దానికి బరువే లేదు. విశాఖలో లెక్క కుదరకపోతే తప్పు సముద్రానిది, తేమ గాలి బరువెక్కువ.

‘తేడాయే గ్యాస్ బరువు’ అన్న దగ్గరే తప్పుంది. బావిలో చేద నీళ్ళలో ఉన్నంతసేపూ తేలిగ్గానే వస్తుంది, నీళ్ళు దాటాకే చేతులు లాగుతాయి. మన త్రాసు కూడా గాలి అనే బావి అడుగునే ఉంది. సంచి ఎంత గాలిని పక్కకి నెడితే అంత బరువు త్రాసుకి కనబడదు.

నేనే చేసి చూశాను. 5 లీటర్లు పట్టే పలచటి పాలిథిన్ సంచి, వంట సోడా, వెనిగర్, కురుపాం మార్కెట్ కంసాలులు వాడేలాంటి చిన్న త్రాసు. (ఫ్యాన్ ఆపకపోతే అంకెలు నిలవవు.) కార్బన్ డయాక్సైడ్ నింపితే పెరిగింది 2.9 గ్రాములు, అంటే లీటరుకి 0.58. వీడియో పద్ధతిలో దాన్ని 22.4తో గుణిస్తే 13. కార్బన్ ఒక్కటే 12 కదా, మరి రెండు ఆక్సిజన్‌లకీ కలిపి ఒకటేనా? నెట్టిన గాలి బరువు కలపాలి: 30 డిగ్రీల దగ్గర లీటరుకి 1.165 గ్రాములు. మొత్తం 1.745. ఇక 22.4 అనేది సున్నా డిగ్రీల మాట. లంబసింగి చలిలో కూడా అది సరిగ్గా కుదరదు, అక్కడ ఎత్తు వల్ల ఒత్తిడి తక్కువ. మన ఉక్కలో గ్యాస్ వ్యాకోచిస్తుంది కాబట్టి 24.9 వాడాలి. అప్పుడు 43.5 వస్తుంది. అసలు విలువ 44.

హీలియం సంగతీ అంతే. లీటరుకి త్రాసు సుమారు మైనస్ 1.00 చూపాలి. 1.165 కలిపితే 0.165, దాన్ని 24.9తో గుణిస్తే 4. బరువు లేకపోవడం కాదు, గాలి కంటే తక్కువ ఉండటం. అన్నట్టు, బీచ్ రోడ్డులో బుడగల్లో కొన్నిసార్లు హైడ్రోజన్ కూడా ఉంటుంది, దగ్గర అగ్గిపుల్ల గీయకండి. హైడ్రోజన్‌కైతే లీటరుకి మైనస్ 1.08 వస్తుంది. తేడా ఎనిమిది శాతమే కాబట్టి సంచి ఘనపరిమాణం జాగ్రత్తగా కొలవకపోతే రెండిట్లో ఏ గ్యాసో చెప్పలేం.

ఇలా పోల్చి తూచడం పిల్లలాటేం కాదు. బ్రిటిష్ శాస్త్రవేత్త లార్డ్ రేలీ గ్యాస్ నింపిన గాజు బుడ్డిని తూచేటప్పుడు త్రాసు రెండో వైపు అంతే సైజు బుడ్డి వేలాడదీసి గాలి తోపుడుని రద్దు చేశాడు. గాలి నుంచి తీసిన నైట్రోజన్ 2.310 గ్రాములు, రసాయనాల నుంచి తీసినది 2.299. ఆ 11 మిల్లీగ్రాముల వెనక దాక్కున్న, గాలిలోనే ఉండే ఆర్గాన్ అనే గ్యాస్‌ని 1894లో మరో శాస్త్రవేత్త రామ్సేతో కలిసి పట్టుకున్నాడు.

చివరిది, తేమ గాలి. మోలార్ ద్రవ్యరాశి పొడి గాలికి సగటున 29, నీటి ఆవిరికి 18. బరువైన అణువుల చోట తేలికవి చేరితే గాలి తేలికవుతుంది. చెమట ఆరక మనకి బరువుగా అనిపిస్తుందంతే. 30 డిగ్రీల్లో 80 శాతం తేమ ఉన్నా వంద అణువుల్లో మూడే నీటివి. బరువు తగ్గేది ఒక శాతం పైచిలుకు. వీడియో లెక్కలో 44 రావలసిన చోట 13 వచ్చిందంటే అది సముద్రం తప్పు కాదు.