సొంతమా, కౌలా?

ఈసారి ఊళ్లు వదిలి వచ్చిన మన తెలుగువాళ్ల సంఘం సంక్రాంతి సంబరాల్లో వేసిన పల్లె సెట్టును అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. అట్టలతో ప్రభ (దేవుణ్ని నిలిపి భుజాల మీద ఊరేగించే ఎత్తైన చట్రం), థర్మోకోల్ ఎడ్లబండి, పక్కన ప్లాస్టిక్ వరిచేను. కార్యకర్తలు మూడు రాత్రులు నిద్ర మానుకుని చేశారు. ఫోటోల వరుస భోజనాల వరుసను మించిపోయింది. మన సభల్లో ఇది చిన్న సంగతి కాదు.

కూతురి పురిటికి వచ్చిన ఒక పెద్దాయన అక్కడ కనిపించారు. కోనసీమలో మా అంబాజీపేట వైపు మనిషే. పంచె కట్టుకొచ్చారు కదా అని ఎవరో ఆయన తలకు తువ్వాలు చుట్టి, చేతికి కొడవలి ఇచ్చి, ఆ చేలో నిలబెట్టారు. అరగంట ఓపిగ్గా నిలబడ్డారు. చివరికి నన్ను పిలిచి అడిగారు: “ఈ చేను సొంతమా బాబూ, కౌలా?”

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆయన జీవితమంతా కౌలు చేసిన మనిషి. నేను కౌలుకిచ్చిన మనిషిని.

కిందటేడు కనుమకు పిల్లలను జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకువెళ్లాను. ఊళ్లో ఇల్లు ఉండగా దిండిలో గోదావరి ఒడ్డున గది తీసుకున్నాం. పిల్లలకు స్నానాల గది నచ్చదని అందరికీ చెప్పాను, నచ్చనిది నాకే. గుడి అంటూ లేని ఆ కొబ్బరితోటలో ఏకాదశ రుద్రులు, అంటే పదకొండు శివరూపాలు, ప్రభల మీద వచ్చి కొలువుతీరతారు. 2023 గణతంత్ర దినోత్సవాన ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీ వీధుల్లో నడిచింది ఈ తీర్థమే. గంగలకుర్రు ఊరి ప్రభను భుజాలకెత్తుకుని “అశ్శరభ శరభ” అంటూ కౌశిక కాలువలో దిగినప్పుడు, అంత ఎత్తు ప్రభ ఒక పక్కకు ఒరిగింది. నా కూతురు నా చొక్కా గట్టిగా పట్టుకుంది. అవతలి గట్టు ఎక్కేదాకా వదల్లేదు.

దారిలో ప్రభలు చేలకు అడ్డంపడి వస్తాయి. నాటాక వేళ్లు పట్టి మూన తిరిగిన దాళ్వా (రెండో పంట) వరి వందల కాళ్ల కింద నలుగుతుంది. ఎవరూ అడ్డుచెప్పరు. ప్రభ నడిచిన చేను బాగా పండుతుందని నమ్మకం. “చూశావా, మన రైతుల మనసు!” అని నా కూతురితో గొప్పగా చెప్పాను. నలిగిన నారు కౌలురైతు అప్పు తెచ్చి వేసినది. నాకు రావలసిన కౌలు బస్తాల్లో ఒక్కటీ తగ్గదు.

మా రెండెకరాలు చేసే ఆయన రెండుసార్లు ఫోను చేసి ఒక సంతకం అడిగారు. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కింద పదకొండు నెలల ఒప్పందం కోసం. ఆ పత్రం ఉంటే పంట రుణానికి, బీమాకు, నష్టపరిహారానికి ఆయన అర్హుడవుతారు. భూమి మీద యజమాని హక్కుకు భంగం లేదని ఆ చట్టమే చెబుతోంది. అయినా మా బావమరిది “సంతకం పెడితే పొలం పోతుంది” అన్నాడు, నేను “వచ్చినప్పుడు చూద్దాం” అన్నాను. వెళ్లాను, తీర్థం చూశాను, పూతరేకులు కట్టించుకుని వచ్చేశాను.

ఆ భయం ఊరికే పుట్టలేదు. కౌలు తగాదాల్లో ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగిన కుటుంబాలు మనలో ఉన్నాయి. అలాగే పల్లెకు పర్యాటకులు రావడం తప్పూ కాదు. పడవ నడిపేవాడికి నాలుగు డబ్బులు వస్తే మంచిదే. కానీ 2011లో గిట్టుబాటు కాక కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి సార్వా (తొలి పంట) మానేశారు. నాట్లు పడని చేలో ఎవరు ఫోటో దిగుతారు?

సంఘం పెద్దలకు ఒక మనవి. వచ్చే ఏడు సెట్టు ఇంకా పెద్దగా వేయండి, చందా నేనూ ఇస్తాను. ఆ పెద్దాయనలాంటివారికి మాత్రం కొడవలి వద్దు, కుర్చీ వేసి మైకు ఇవ్వండి. కనుమకు టిక్కెట్లు కొన్నవారు జగ్గన్నతోటకు బయలుదేరే ముందు, తమ చేను చేసే మనిషిని వెంటబెట్టుకుని ఒక్క పూట గ్రామ సచివాలయానికి వెళ్లండి. నా టిక్కెట్టు జనవరి 10కి ఉంది. వస్తున్నానని ఆయనకు ఫోను చేసి చెప్పాను. “పండక్కా బాబూ?” అన్నారు. సంతకానికి అన్నాను. కాసేపు అటునుంచి మాట రాలేదు.