'బై నౌ' బటన్ గారికి

ఆన్‌లైన్ గేమ్స్ షాపులో ఆకుపచ్చగా మెరిసిపోయే 'బై నౌ' బటన్ గారికి, బెంగళూరు బీటీఎం లేఅవుట్ మూడో ఫ్లోర్ నుంచి మీ పాత కస్టమర్ నమస్కరించి రాయునది. ఇక్కడ మేం క్షేమం. మీరు క్షేమమేనని వేరే అడగక్కర్లేదు, నెలనెలా మా కార్డు స్టేట్‌మెంట్లో కనపడుతూనే ఉన్నారు.

మొన్న ఆదివారం సంగతండి. ఈ ఊళ్ళో ఐటీలో పనిచేసేవాళ్ళకి ఆదివారం మధ్యాహ్నం అంటే ఏంటో మీకు తెలీదులెండి (మిగతా రోజులకి 14 గంటల డ్యూటీ అని 2024లో ప్రతిపాదన వస్తే యూనియన్ వాళ్ళు రోడ్డెక్కాల్సొచ్చింది, అది వేరే కథ). పప్పన్నం తిన్నా, కరెంటుంది, పక్క సైట్లో డ్రిల్లింగ్ కూడా ఆగింది, ఇంతకన్నా మంచి ముహూర్తం రాదని 2017 దీపావళి సేల్లో మిమ్మల్ని నొక్కి 499 రూపాయలకి కొన్న పాత గేమ్ ఓపెన్ చేశా. ఊరు కట్టుకునే ఆట, ఒక్కదాన్నే కూర్చుని ఆడుకునేది, నెట్‌తో దానికి పనే లేదు. అయినా ముందు లాంచర్ (గేమ్‌ని తెరిచే మీ యాప్) అప్‌డేట్ అన్నారు, చేశా. పాస్‌వర్డ్ మార్చమన్నారు, మార్చా. ఓటీపీ నేను అనంతపురంలో ఉన్నప్పటి నంబర్‌కి పంపారు, ఆ సిమ్ ఇప్పుడు ఎవరి దగ్గరుందో ఏమో, పాపం ఆయన నా ఓటీపీలు చూసి ఏమనుకుంటున్నాడో. గంటన్నర తంటాలు పడి లోపలికెళ్తే ఏముందక్కడ? 'ఈ కంటెంట్ ఇక అందుబాటులో లేదు.' అంతే. పక్కనే అదే ఆటకి కొత్త రంగులేసి 2,999 రూపాయలకి మళ్ళీ పెట్టారు, దాని కింద మళ్ళీ మీరే, పళ్ళికిలిస్తూ.

చాట్‌లో మీ బాట్‌ని అడిగా. అసౌకర్యానికి చింతిస్తున్నాం అంది. నా డబ్బులతో కొన్నాను కదమ్మా అంటే, మీరు కొన్నది గేమ్ కాదు, గేమ్ ఆడుకోడానికి లైసెన్స్, దాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు అంది. అలా అయితే దాన్ని మా ఊళ్ళో కొనడం అనరండీ. అద్దె అంటారు.

అద్దె గురించి బెంగళూరులో ఉన్నదానికి మీరు చెప్పాలా? మా ఓనర్ అంకుల్ పది నెలల అడ్వాన్స్ తీసుకున్నాడు, ఖాళీ చేసేప్పుడు పెయింటింగ్ అని ఒక నెల కోస్తాడు, ట్యాంకర్ డబ్బులు విడిగా, చుట్టాలొచ్చి మూడ్రోజులుంటే మెట్లమీద నిలబడి లెక్కపెడతాడు. అన్నీ నిజమే. కానీ గేటుకి 'టూ లెట్' అని బోర్డు పెట్టాడండీ ఆ మనిషి! 'అమ్మబడును' అని పెట్టలేదు. ఆయన్ని నేను ఏడేళ్ళుగా తిట్టుకుంటున్నా గానీ ఆ బోర్డు విషయంలో మాత్రం మీకన్నా ఆయన హరిశ్చంద్రుడు. మీరూ ఆ రెండు ముక్కలు రాసుకోండి. 'టూ లెట్, వెజిటేరియన్స్ ఓన్లీ' అని రాసుకున్నా నాకేం అభ్యంతరం లేదు, 'కొను' అని మాత్రం అనకండి.

కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి చట్టం కూడా వచ్చిందట, డిజిటల్ సరుకు మీద 'బై' అని రాస్తే ఇది లైసెన్స్ మాత్రమే అని స్పష్టంగా చెప్పాలని. సంతోషం. కొన్నది మనకి దక్కాలని కాదు, దక్కదని ముందే చెప్పాలని! జేబులు కొట్టేవాడికి ఐడీ కార్డ్ ఇచ్చినట్టు.

ఇది నా ఒక్కదాని ఏడుపైతే మూసుకుని కూర్చునేదాన్ని. ద క్రూ అని 2014లో వచ్చిన, నెట్ ఉంటేనే నడిచే కార్ల ఆటకి యూబీసాఫ్ట్ కంపెనీ 2024 మార్చి 31న సర్వర్లు ఆపేసింది, తర్వాత అంతకుముందే కొనుక్కున్నవాళ్ళ లైసెన్సులు కూడా లాగేసుకుంది. జనాలకి మండి, ఆటల్ని చంపడం ఆపండ్రా అని ఉద్యమం మొదలుపెడితే యూరప్‌లో పది లక్షల సంతకాలు దాటాయి. అమెరికాలో 2010కి ముందొచ్చిన ఆటల్లో 87 శాతం ఇప్పుడు సక్రమంగా కొందామన్నా దొరకవని 2023లో అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వాళ్ళు లెక్కేసి చెప్పారు. అమ్మరు, ఇంకొకర్ని దాచుకోనివ్వరు. గడ్డివాము దగ్గర కుక్క కథ చిన్నప్పుడు చదువుకున్నాం, ఇప్పుడా కుక్కకి షేర్‌హోల్డర్లు కూడా ఉన్నారు.

ఇంకో మాట. మా మామ ఉన్నాడు, నాకు ఎర్ర పిచ్చి పట్టిందని ప్రతి సంక్రాంతికీ అందరి ముందూ క్లాస్ పీకుతాడు, "ఒసేయ్, మీ కమ్యూనిస్టులొస్తే చేతికున్న వాచీ కూడా లాక్కుంటారే" అని. మామా, పదిహేనేళ్ళుగా చూస్తున్నా, ఎర్రజెండా పట్టుకుని ఎవ్వరూ రాలేదు. లాక్కున్నోడు కోటేసుకుని, ఐ అగ్రీ అని నాచేతే నొక్కించుకుని మరీ లాక్కున్నాడు. సొంత ఆస్తి పవిత్రం అంటావే, ఎవరి ఆస్తి మామా?

పోనీ ఆ ఆట కట్టినోళ్ళ దగ్గరికన్నా పోతోందా డబ్బు? మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబర్‌లో దాదాపు 69 బిలియన్ డాలర్లు పోసి యాక్టివిజన్ బ్లిజార్డ్ అనే గేమ్స్ కంపెనీని కొంది, జనవరి తిరక్కుండానే గేమ్స్ విభాగంలో 1,900 మందిని ఇంటికి పంపింది. పెద్దోళ్ళు కొంటే మాత్రం నిజంగానే కొనడం అన్నమాట, మనుషుల్తో సహా.

నేను టెస్టింగ్‌లో పనిచేస్తా, అందుకని నాకు కజుహిసా హషిమోతో అనే జపాన్ గేమ్ ప్రోగ్రామర్ అంటే ప్రాణం. 1986లో గ్రేడియస్ ఆటని నింటెండో మెషిన్ మీదకి తెచ్చేప్పుడు, పరీక్షించాల్సినాయనకే అది కొరుకుడు పడక, పైన పైన, కింద కింద, ఎడమ కుడి, ఎడమ కుడి, బీ, ఏ అని తనకోసం ఒక దొంగదారి పెట్టుకున్నాడు. రిలీజ్‌కి ముందు తియ్యకుండా వదిలేశారు. తర్వాత కాంట్రా అనే ఆటలో అదే దారి ప్రపంచంలో పిల్లలందరికీ 30 ప్రాణాలిచ్చింది. ఒక ఉద్యోగి తన కష్టం తగ్గించుకోడానికి చేసుకున్నది అందరికీ ఉచితంగా అందింది. ఇవాళైతే ఆ 30 ప్రాణాల ప్యాక్ 199 రూపాయలు, కింద మీరు.

మాకా ప్రాణాలు అనంతపురంలో దొరికాయి. నాయన 2001లో తెచ్చిన టీవీ గేమ్, పసుపు రంగు క్యాసెట్, దానిమీద '9999 ఇన్ 1' అని రాసుండేది, లోపల చూస్తే పది ఆటలు, మిగతావన్నీ అవే వేరే పేర్లతో. మెషిన్ నకలు, క్యాసెట్ నకలు, అంకె పచ్చి అబద్ధం. మా అన్న ఎప్పుడూ ఒకటో రిమోటే, నాకు రెండోది, దానికి స్టార్ట్ బటన్ కూడా ఉండదు, ఆట ఎప్పుడు మొదలవ్వాలో ఎప్పుడు ఆగాలో వాడి చేతిలోనే. (అధికారం గురించి నా మొదటి పాఠం అదే, చేగువేరా టీషర్ట్ చాలా తర్వాత.) కానీ ఆ క్యాసెట్ వీధిలో అందరిళ్ళూ తిరిగింది, తిరిగి మా ఇంటికే వచ్చింది, ఎవడూ ఓటీపీ అడగలేదు.

ఆదివారం సాయంత్రమే అమ్మకి ఫోన్ చేసి అటక మీద వెతకమన్నా. "ముప్పై దాటినాయి, ఇంకా ఆటలేందే" అని తిట్టి, పాత చీరలో చుట్టి ఆర్టీసీ పార్శిల్లో వేసింది. ఊరగాయ సీసా కూడా. బుధవారం మెజెస్టిక్ పోయి తెచ్చుకున్నా, కొత్త టీవీకి ఆ మూడు రంగుల పిన్నులు పట్టవు కాబట్టి దారిలో ఎస్పీ రోడ్డులో 350 పెట్టి కన్వర్టర్ కొన్నా. మొదటిసారి రాలేదు. క్యాసెట్ తీసి ఉఫ్ఫని ఊదా. ఊదడం వల్ల లాభం లేదు, తీసి పెట్టడం వల్లే పనిచేస్తుందని తెలుసు, అయినా ఊదా. వచ్చింది. ఇరవై ఏళ్ళకి పైగా అటక మీద పడున్నది, ఎవర్నీ పర్మిషన్ అడక్కుండా.

అన్నట్టు మీ పేరు తెలుగులో రాసి చూసుకున్నారా ఎప్పుడైనా? కొనడానికీ 'బై', టాటా చెప్పడానికీ 'బై'. నేనే సరిగ్గా చదువుకోలేదు, తప్పు నాదే.

రెండో లెవెల్లో, ఒకటే ప్రాణం మిగిలుండగా ఫోన్ మోగింది. మీరే. నా విష్‌లిస్ట్‌లో ఉన్న పాత గేమ్‌కి 80 శాతం తగ్గింపట, ఇంకో ఆరు గంటలే ఉందట. ఛీ అనుకుని పక్కన పడేశా. తర్వాత ఎంతుందో చూద్దామని తీశా, 119 అంతే. నేను నొక్కానో లేదో ఈ ఉత్తరంలో చెప్పను, మీకెలాగూ తెలుసు.

ఇట్లు,
మీ అద్దెదారు