టికెట్ కొన్న రోజే చెప్పండి

పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందని మన పెద్దలు అంటారు. చోటు నచ్చకపోయినా, అలికిడి ఎక్కువైనా ఒక్కొక్క పిల్లనే మెడ దగ్గర పట్టుకుని మరో చోటికి చేరుస్తుంది. ఎన్ని ఇళ్ళు మార్చినా నడిదారిలో మాత్రం వదిలేయదు. పోయిన జులైలో, ఇక్కడ డాలస్ శివార్లలో, మా అపార్ట్‌మెంట్ల సముదాయం నుంచి ఒక తెలుగు కుటుంబం స్వదేశానికి తిరిగి వెళ్ళిపోయింది. వాళ్ళు పెంచుకున్న పిల్లి పార్కింగ్ స్థలంలో మిగిలిపోయింది.

పది రోజులు అది ఆ ఇంటి తలుపు ముందే కూర్చుంది. కొత్తగా దిగినవాళ్ళు తలుపు తీసినప్పుడల్లా లోపలికి తొంగి చూసేది. మధ్యాహ్నం ఎండకు తారు కాగిపోతుంటే కార్ల కింద నీడ వెతుక్కునేది. పదకొండో రోజున బోనులో డబ్బా చేపలు పెట్టి పట్టుకుని పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళాను. రెండు భుజాల నడుమ చర్మం కింద మైక్రోచిప్ ఉంది. స్కానర్ పెడితే 15 అంకెలు వచ్చాయి. ఆ అంకెలకు ముడిపెట్టిన ఫోన్ నంబరు అప్పటికే రద్దయింది. మైక్రోచిప్ అంటే పిల్లి ఎక్కడుందో చెప్పే యంత్రమని చాలామంది అనుకుంటారు. అది ఒక సంఖ్య, అంతే. దాని వెనక పనిచేసే ఫోన్ నంబరు లేకపోతే దానివల్ల ప్రయోజనం లేదు.

అదుపులో ఉన్న జంతువును ఇలా దిక్కులేకుండా వదిలేయడం టెక్సస్ చట్టం ప్రకారం నేరం. అయినా నేను ఫిర్యాదు చేయలేదు. వాళ్ళు దుర్మార్గులని ఇప్పటికీ అనుకోను. ఆ ఇల్లాలు గర్భవతి అనీ, కడుపుతో ఉన్నప్పుడు ఇంట్లో పిల్లి ఉండకూడదని ఊరి నుంచి పెద్దవాళ్ళు రోజూ ఫోన్లో చెప్పారనీ తరవాత తెలిసింది. భయం, తొందర, సామాను సర్దుకోవడం, వీటి మధ్య ఒక ప్రాణిని గుమ్మం అవతల మరిచిపోయారు.

ఆ భయం మన ఇళ్ళలో చాలా గట్టిది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గర్భంలోని శిశువుకు హాని చేయగలదు, అది నిజం. పిల్లికి అది మొదటిసారి సోకినప్పుడు కొద్ది వారాల పాటు మలంలో బయటికి వస్తుంది. అలా వచ్చినది మనుషులకు అంటుకునే స్థితికి రావడానికి 1 నుంచి 5 రోజులు పడుతుంది. అందుకే లిట్టర్ బాక్సును, అంటే పిల్లి మలమూత్రాలకు వాడే ఇసుక పెట్టెను, ప్రతిరోజూ శుభ్రం చేయాలని, ఆ పని భర్తో మరొకరో చూసుకోవాలని వైద్యులు చెబుతారు. పిల్లిని ఇంట్లోనే ఉంచి, పచ్చిమాంసం పెట్టకుండా ఉంటే అపాయం ఇంకా తగ్గుతుంది. సరిగా ఉడకని మాంసం వల్ల, కడగని కూరగాయల వల్ల, చేతులకు ఏమీ తొడుక్కోకుండా తోటపని చేయడం వల్ల కూడా ఇది సోకుతుంది. గర్భవతి ఉన్న ఇంట్లోంచి పిల్లిని పంపేయాల్సిన పని లేదని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ స్పష్టంగానే చెబుతోంది. ఆ ఫోన్ కాల్స్ వచ్చినప్పుడు ఆ అమ్మాయికి ఈ నాలుగు మాటలు చెప్పేవాళ్ళు పక్కన ఒక్కరు ఉన్నా బాగుండేది. నేను రెండు భవనాల అవతలే ఉన్నాను. ఆమెను కలిసినప్పుడల్లా చిరునవ్వు నవ్వడం తప్ప ఏనాడూ మాట్లాడలేదు.

వెంట తీసుకెళ్ళే వీలూ ఉంది. రేబిస్ టీకా, పశువైద్యుడి ఆరోగ్య ధృవపత్రం, భారత ప్రభుత్వ జంతు క్వారంటైన్ విభాగం అనుమతి ఉంటే హైదరాబాద్ విమానాశ్రయంలోనే దింపుకోవచ్చు. ఖర్చూ, తిరుగుడూ తక్కువేమీ కాదు, వారాల ముందే మొదలుపెట్టాలి. అందరికీ సాధ్యం కాదని ఒప్పుకుంటాను.

సాధ్యం కానప్పుడు ఏం చేయాలన్నదే నా అసలు మాట. మనలో చాలామంది పిల్లిని పెంచుకోకపోవడానికి చెప్పే కారణాలు న్యాయమైనవే: వీసా ఎప్పుడేమవుతుందో తెలియదు, రెండేళ్ళకోసారి ఇండియా వెళ్ళాలి, పిల్లి పదిహేనేళ్ళు బతుకుతుంది. సరిగ్గా ఈ కారణాలున్నవాళ్ళు చేయదగ్గ పనే ఫోస్టర్. మరో ఇల్లు దొరికేదాకా కొన్ని వారాలు మన ఇంట్లో పెట్టుకోవడం. దిక్కులేని జంతువులను ఉంచే షెల్టర్లలో చోటు చాలక ఇబ్బంది పడే కాలంలో ఒక ఇంటి స్నానాల గది కూడా ఒక ప్రాణానికి సరిపోతుంది.

మా ఇంట్లో ఆ పిల్లి తొమ్మిది వారాలు ఉంది. తెల్లగా, కొంచెం పసుపు ఛాయతో ఉండేది, మా అమ్మాయి దానికి మీగడ అని పేరు పెట్టింది. మొదటి మూడు రోజులు భయం, మూడు వారాలకు అలవాటు, మూడు నెలలకు చనువు అని ఈ పని చేసేవాళ్ళు అంటారు. మీగడ మొదటి రెండు రోజులు వాషింగ్ మెషీన్ వెనక నుంచి కదలలేదు, ముద్ద ముట్టలేదు. పిల్లి అలా రోజుల తరబడి తినకపోతే కాలేయం దెబ్బతింటుంది. మూడో రోజూ తినకపోతే మళ్ళీ వైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళాలని అనుకున్నాం. ఆ సాయంత్రం మా అమ్మాయి గుమ్మంలో కూర్చుని తన తెలుగు బడి పద్యాలు వల్లెవేస్తుంటే, అది మెల్లగా వచ్చి పళ్ళెం దగ్గర నిలబడింది. తెలుగు విని పెరిగిన పిల్లి కదా.

తిండి దగ్గరే ఇంట్లో మాటా మాటా వచ్చింది. మాది శాకాహారుల ఇల్లు. ఊళ్ళో పెరటి పిల్లి పాలూ పెరుగన్నంతోనే బతికేదని అత్తయ్యగారు అన్నారు. ఆ పిల్లి మనం చూడనప్పుడు ఎలుకలను తినేదని నేను అన్నాను. పిల్లి శరీరానికి టారిన్ అనే పదార్థం కావాలి, అది సహజంగా దొరికేది ముఖ్యంగా మాంసం, చేపల్లోనే. పిల్లులకు అది తక్కువైతే గుండె దెబ్బతింటుందని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు నిరూపించాక తయారీదారులు పిల్లి ఆహారంలో దాని మోతాదు పెంచారు. చివరికి గరాజ్‌లో ఒక అర, విడిగా ఒక చెంచా, ఒక గిన్నె పెట్టుకున్నాం. పదో రోజు నుంచి ఆ డబ్బా మూత తీసింది అత్తయ్యగారే. దేవుడి గదిలో లిల్లీ పూలు మానేశాం. వాటి పుప్పొడి నాకినా పిల్లి మూత్రపిండాలు పాడవుతాయి. కర్పూరం డబ్బా పై అరకు చేరింది.

ఇల్లు వెతికేటప్పుడు తొందరపడకూడదని అప్పుడే నేర్చుకున్నాను. మన వాట్సాప్ గుంపుల్లో సోఫా, టీవీ, బియ్యం డబ్బాల వరుసలోనే ‘పిల్లి ఉచితం, రేపటిలోగా తీసుకెళ్ళండి’ అని కనిపిస్తుంటుంది. చదివిన ప్రతిసారీ బాధేస్తుంది. ఉచితంగా వచ్చినదాన్ని ఏ ఆలోచనా లేకుండా తీసుకునేవాళ్ళుంటారు, చెడ్డ పనులకు తీసుకునేవాళ్ళూ ఉంటారు. మేము కొంత రుసుము అడిగాం. అద్దె ఒప్పందంలో జంతువులకు అనుమతి ఉందా అని, ఇంతకు ముందు పెంచిన పిల్లులు ఏమయ్యాయని, మీరు ఊరెళ్తే ఎవరు చూస్తారని అడిగాం. సంబంధం చూసేటప్పుడు మనం వేసే ప్రశ్నలు ఇంతకన్నా ఎక్కువే. ఇద్దరికి కాదని చెప్పాం. మూడో ఆవిడ విశ్రాంత ఉపాధ్యాయురాలు, నేల మీద కూర్చుని గంటసేపు మీగడ దానంతట అదే వచ్చేదాకా చేయి చాచలేదు. ఎప్పుడైనా ఉంచుకోలేకపోతే మాకే తిరిగి ఇవ్వాలని కాగితం రాసుకుని, మైక్రోచిప్‌ను ఆమె నంబరుకు మార్చి పంపాం. ఆ రాత్రి మా అమ్మాయి ఏడ్చింది, నేనూ ఏడ్చాను. పేరు మాత్రం ఆవిడ మార్చలేదు, ‘మిగాడా’ అని పిలుస్తుంది.

ఇక్కడి మన తెలుగు సంఘం విమానాశ్రయానికి దింపడానికి, కొత్తగా వచ్చినవాళ్ళకు వారం రోజులు బస ఇవ్వడానికి స్వచ్ఛంద సేవకుల పట్టిక నడుపుతోంది. అందులో ఇంకో వరుస చేర్చమని కార్యవర్గాన్ని కోరుతున్నాను: వెళ్ళిపోతున్నవారి పిల్లిని, కుక్కను కొన్ని వారాలు ఉంచుకోగల ఇళ్ళు. మొదటి పేరు మాది రాసుకోండి. తిరిగి వెళ్ళే ఆలోచనలో ఉన్నవాళ్ళకు ఒక్క విన్నపం. పెట్టెలు సర్దుకునే రాత్రి కాదు, టికెట్ కొన్న రోజే చెప్పండి. రెండు నెలలు చేతిలో ఉంటే ఇల్లు వెతకవచ్చు. మా వాషింగ్ మెషీన్ వెనక చోటు ఖాళీగానే ఉంది.