రెప్ప మీద దోమ, పొద్దుగాల పెళ్లిచూపులు

హన్మకొండ నుంచి కరీంనగర్‌కు పెళ్లిచూపులకు బయల్దేరాల్సిన రోజు. పిల్లగాడు నిద్రలేచి చూస్తే కుడి కన్ను తెరుచుకోదు. రెప్ప బూరెలా పొంగింది. "ఎవలన్న గుద్దిండ్రా బిడ్డా?" అని మేనత్త లబలబ.

గుద్దిందెవరూ లేరు. నాలా దిక్కు నుంచి వచ్చిన ఓ ఆడదోమ చుక్క రక్తం తాగి దాని తొవ్వన అది పోయింది. వాపు దోమ పెట్టింది కాదు, పిల్లగాని సొంత మాస్ట్ కణాలు, అంటే ఒంటిని కాచే రోగనిరోధక కణాలు, పెట్టుకున్నది. చర్మం కింది సంయోజక కణజాలంలో, సన్న రక్తనాళాల పక్కనే ఇవి మకాం వేస్తాయి. ఒళ్లంతా హిస్టమిన్, హెపారిన్ అనే రసాయనాలు నింపుకున్న రేణువులే. 1878లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ వీటిని వర్ణించినప్పుడు, బాగా తిని బలిశాయనుకున్నాడు. పాత కాట్లప్పుడు ప్లాస్మా కణాలు దోమ ఉమ్మికి తగ్గ ఐజీఈ అనే రకం ప్రతిదేహాలను తయారుచేశాయి. అవి వచ్చి మాస్ట్ కణాలకు అతుక్కుని ఉంటాయి. అదే ఉమ్మి మళ్లీ తగిలిందా, నిమిషాల్లో రేణువులన్నీ గుమ్మరింపే. హిస్టమిన్ దెబ్బకు రక్తనాళాల గోడల్లో సందులు పడి నీరు బయటికి ఊరుతుంది.

చేతిమీద కుడితే చిన్న దద్దురుతో పోయేది. రెప్ప చర్మం ఒంట్లోకెల్లా పలుచన. కింద కొవ్వు కణాలు దాదాపు లేవు, ఉన్న పోగులూ వదులు. నీటికి అడ్డేముంది? పైగా రాత్రంతా వెల్లకిలా పడుకున్నాడాయె.

అత్త తలనొప్పి బామ్ రాసింది. కన్ను మండి పిల్లగాడు నలిపాడు. నలిపితే మిగిలిన మాస్ట్ కణాలూ రేణువులు వదులుతాయి. ఇంకాస్త పొంగింది. సున్నం డబ్బీ తెచ్చేసరికి బాపు అడ్డంపడ్డాడు, నయమే. సున్నం క్షారం, కంట్లో పడితే నల్లగుడ్డు కాలుతుంది.

చేయాల్సింది ఇంతే: బట్టలో చుట్టిన ఐసు పది నిమిషాలు అద్దడం, నిటారుగా కూర్చోవడం, పెద్దవాళ్లయితే సెట్రిజిన్ అనే అలర్జీ గోళీ 10 మిల్లీగ్రాములు, రోజుకు ఒక్కటే. జ్వరమొచ్చినా, కనుగుడ్డు కదిపితే నొప్పి పెట్టినా, చూపు మసకైనా కంటి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. గోళీ ఇక మీదట హిస్టమిన్‌ను పనిచేయనివ్వదు, అంతే. ఊరిన నీరు శోషరస నాళాల గుండా దాని తీరికన అది పోవాలి. మిగిలిన ఉమ్మిని మాక్రోఫేజ్ కణాలు మింగుతుంటాయి. కొల్లాజెన్ పోగులు నేసే ఫైబ్రోబ్లాస్ట్ కణానికి మాత్రం ఇందులో పనిలేదు, గాయమే లేదు కదా. ఆ పొద్దు నిమ్మళంగా ఉన్నది అదొక్కటే.

అత్తకా నిమ్మళం ఎక్కడిది? "తగ్గుతలేదురా" అంటూ హుజూరాబాద్ దాటంగనే ఇంకో గోళీ మింగించింది.

కరీంనగర్ చేరేసరికి వాపు సగం దిగింది. కానీ ఇప్పుడు రెండు కళ్లూ మూతపడ్డాయి. చాయ్ చల్లారింది, పిల్లగాని తల సోఫా మీదికి వాలింది. అమ్మాయి ల్యాబ్ టెక్నీషియన్. ఒక్క చూపు చూసి, "సెట్రిజిన్ ఎన్ని వేసిండ్రు అత్తా?" అని అడిగింది.

అత్త మెల్లగా రెండు వేళ్లు చూపింది.