భాషలకూ పదవీ విరమణేనా?

పదవీ విరమణ చేసిన పెద్ద అధికారులు పుస్తకం రాశారంటే మాకు కొంచెం భయమే. చాలావరకు ఎవరెవరితో కరచాలనం చేశారో చెప్పే ఆత్మకథలవి. ఎ.ఎన్.డి. హక్సర్ ఆ దారిన పోలేదు. 1933లో గ్వాలియర్‌లో పుట్టి, పోర్చుగల్, యుగొస్లావియాలలో భారత రాయబారిగా పనిచేసిన ఆయన సంస్కృత సాహిత్యాన్ని ఇంగ్లీషులోకి తెచ్చే పని పట్టుకున్నారు. దండి రాసిన దశకుమారుల కథ, చిలుక చెప్పిన డెబ్బై కథలు, లంచగొండి అధికారులపై కశ్మీరు కవి క్షేమేంద్రుడి ఎత్తిపొడుపులు! అధికారిగా బతికిన మనిషి ఈ చివరిదాన్ని ఎంచుకోవడం ముచ్చటే.

వాటిలో మాకు మరీ నచ్చింది కల్యాణమల్లుడి సులేమాన్ చరిత్ర. లోదీ వంశీయుడైన లాడ్‌ఖాన్ కోసం రాసిన ఈ సంస్కృత కావ్యంలో బైబిలు కథ ఉంది; సులేమాన్ అంటే బైబిలులోని సొలొమోనే. దావీదు రాజు మోహించిన బత్షెబ పేరును మన తెలుగు బైబిలు ఉన్నదున్నట్టే ఉంచింది. హీబ్రూలో ఆ పేరుకు ‘ఏడింటి కూతురు’ అని ఒక అర్థం చెబుతారు. కల్యాణమల్లుడు ఆమెను ‘సప్తసుత’ అన్నాడు. ఒక్క పేరు దగ్గర ఆ కవి ఎంతసేపు ఆగాడో!

అదే దండిని కేతన 13వ శతాబ్దిలోనే తెనిగించి, తిక్కనకు అంకితమిచ్చి, అభినవదండి అనిపించుకున్నాడు. ఈ విద్య మనకు పాతదే, బద్ధకమే కొత్తది. విశాఖనే చూడండి. ఆర్కే బీచ్‌లో సందర్శకులు ఎక్కి దిగే కుర్సురా జలాంతర్గామి సోవియట్ దేశం నుంచి వచ్చింది. ఉక్కు కర్మాగారం కట్టడంలోనూ ఆ దేశం చేయి ఉంది. ఆ యంత్రాల కోసం రష్యన్ నేర్చుకున్న నావికులు, ఇంజనీర్ల భాష పింఛను కాగితాలతోపాటు బీరువాలోకి చేరింది. మనమేమో రష్యన్ కథకుడు చెహోవ్‌ను ఇంగ్లీషు మీదుగా చదువుకుంటున్నాం.

1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఇది నూరేళ్ల ముచ్చట. శాలువాలకయ్యే ఖర్చులో కొంత తగ్గించి, ఇలాంటివారిని అనువాదాలకు పిలవాలి. రష్యనే కానక్కర్లేదు, ఒడియా, బెంగాలీ వచ్చినవారు కూడా ఈ ఊళ్లో ఉన్నారు. పక్కన మంచి తెలుగు వచనం తెలిసిన సంపాదకుడిని కూర్చోబెట్టాలి. పుటకింత అని పారితోషికం ఇవ్వాలి, గౌరవ పత్రంతో సరిపెట్టకూడదు. అట్ట మీద అనువాదకుల పేరు మూల రచయిత పేరుకు దీటైన అక్షరాల్లో ఉండాలి. మొదలుపెట్టడానికి ఆదివారం పొద్దున గ్రంథాలయంలో ఒక గది, నాలుగు నిఘంటువులు చాలు.