ఏడవని బిడ్డను ముందు చూడండి

క్యాజువాలిటీ గుమ్మంలో గొంతు చించుకుని ఏడ్చే బిడ్డ వైపే అందరూ పరుగెత్తుతారు. నిజానికి ఆ పక్కనే తల్లి భుజం మీద వాలిపోయి, పిలిచినా కళ్లెత్తని బిడ్డకే గండం ఎక్కువ. చెయ్యి వెయ్యకముందే మూడు సంగతులు తెలుస్తాయి: తల్లిని గుర్తుపడుతున్నాడా, పక్కలు ఎగరేస్తున్నాడా, ఒళ్లు పాలిపోయిందా. రెండు నెలలు దాటి ఏడాది నిండని బిడ్డ నిమిషానికి 50 సార్లు, అయిదేళ్లలోపు బిడ్డ 40 సార్లు, లేదా అంతకంటే ఎక్కువగా ఊపిరి తీస్తుంటే ఓపీ చీటీ తర్వాత రాసుకోవచ్చు.

బీపీ బాగానే ఉందన్న ధీమా పిల్లల దగ్గర పనికిరాదు. రక్తనాళాలు బిగించి, గుండె వేగం పెంచి బిడ్డ ఒళ్లు చివరిదాకా బీపీని నిలబెట్టుకుంటుంది. నాలుగేళ్లవాడికి పై బీపీ 78 కంటే దిగిందంటే అప్పటికే చాలా సమయం పోయినట్టే. చల్లబడ్డ చేతులు ఆ సంగతి ముందే చెబుతాయి.

చిత్తూరు పల్లెల్లో ఆ చల్లటి చేతులకు ఇంకో కారణం కూడా ఉండొచ్చు, తేలుకాటు. చెనిక్కాయల కుప్ప దగ్గర ఆడుకుంటూ ఎర్రతేలు కుట్టించుకున్న బిడ్డకు ఒళ్లంతా చెమట, వాంతులు, మంచులాంటి కాళ్లుచేతులు. షాక్ (ఒంటికి రక్తం చాలని స్థితి) అనుకుని సెలైన్ వేగంగా వదిలితే, విషానికి డస్సిన గుండె ఆ నీటిని తోయలేదు, ఊపిరితిత్తులు నిండిపోతాయి. ఇవ్వాల్సింది బిగిసిన రక్తనాళాలను వదులుచేసే ప్రజోసిన్, కిలోకు 30 మైక్రోగ్రాములు, నోటి ద్వారా. ఒక మిల్లీగ్రాము మామూలు మాత్రను 10 మి.లీ. నీళ్లలో కలిపి బాగా కుదిపితే, పది కిలోల బిడ్డకు అందులో 3 మి.లీ. సరిపోతుంది. నెమ్మదిగా విడుదలయ్యే రకం మాత్రను పొడిచేసి వాడకూడదు. మందు పడ్డాక బిడ్డను పడుకోబెట్టే ఉంచాలి. ఏడుస్తున్నాడని తల్లి ఎత్తుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఈ ముక్క ఆ తల్లికి నిదానంగా చెప్పే మనిషి అక్కడ ఉండితీరాలి.

పాముకాటు విరుగుడు మందుకు బరువు లెక్క లేదు. విషం లక్షణాలు కనిపిస్తే పెద్దవాళ్లకిచ్చే పది వయల్సే (చిన్న మందు సీసాలు) పిల్లలకూ ఇవ్వాలి. చిన్నబిడ్డ కదా అని తగ్గించడం పెద్ద పొరపాటు.

ఫిట్స్ అయిదు నిమిషాలు దాటితే సూది కోసం నరం వెతుకుతూ కూర్చోవద్దు. మిడజోలం కిలోకు 0.2 మిల్లీగ్రాములు ముక్కులో వేయొచ్చు. వెంటనే షుగర్ చూడాలి. తగ్గి ఉంటే 10 శాతం డెక్స్‌ట్రోజ్ (చక్కెర ద్రావణం) కిలోకు 5 మి.లీ. నరంలోకి ఇవ్వాలి. 25 శాతానిదే దొరికితే 20 మి.లీ.కి 30 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలిపితే 10 శాతం అవుతుంది. పది కిలోల బిడ్డకు సరిగ్గా ఆ 50 మి.లీ. కావాలి.

పాముకాటు మందు తప్ప ఇన్ని మోతాదులకూ బరువే ఆధారం. వయసుకు నాలుగు కలిపి రెండుతో గుణించే సూత్రం మన బక్కపిల్లల బరువును ఎక్కువ చేసి చూపిస్తుంది. అందుకే తూకం మిషన్ గుమ్మం దగ్గరే ఉండాలి. పలమనేరు నుంచో, భాకరాపేట ఘాటు దిగో తిరుపతికి వచ్చే 108 సిబ్బంది బరువూ షుగరూ దారిలోనే ఫోన్లో చెబితే, బిడ్డ చేరేసరికి మందు సిరంజీలో సిద్ధంగా ఉంటుంది.